బండి నిలుపుకొనే చోటు



ప్రక్కచక్రాలు బిగించిన స్కూటరు మీద గుంటూరు మిర్చియార్డుకు, ఆసుపత్రికి పోయివచ్చే మన సభ్యులకు దూరం బాధ కాదు, దిగే చోటే బాధ. బస్టాండ్లలో, రైలుస్టేషన్లలో వికలాంగులకు తగిన పార్కింగు ఉండాలని 2016 నాటి చట్టం 41వ సెక్షను చెబుతున్నది. అమెరికాలో మాదిరి కారు అద్దానికి తగిలించే పర్మిట్టు మనకు లేదు. అడిగినచోట చూపవలసినది సదరం సర్టిఫికెట్టు, యూడీఐడీ కార్డు. మీసేవలో స్లాటు తీసుకొని ప్రభుత్వాసుపత్రి డాక్టర్లకు చూపించుకోవాలి. వైకల్యం 40 శాతం, ఆపైన తేలితే రాయితీలు వర్తిస్తాయి.

"మా అమ్మాయిని అవిటిదని కాగితం మీద రాయించాలా?" అని కొందరు తల్లులు వెనుకాడుతున్నారు. ఆ కాగితం లేకనే బస్సు రాయితీ కూడా పోతున్నదమ్మా!

పెండ్లిళ్ళనాడు షాదీఖానా ర్యాంపుకు అడ్డంగా కార్లు పెట్టవద్దని మనవి. అక్కడ సున్నంతో గీత గీయిస్తున్నాము.