ఓడ మీద మేర

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను 1985 పదో తరగతి బ్యాచి వాణ్ణి. కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, పోర్టు గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. మంగినపూడి వైపు వెళ్ళినవాళ్ళంతా పోర్టు పనులు కళ్ళారా చూస్తూనే ఉన్నారు. నేను కొత్తగా చెప్పేదేముంది? అందుకని ఓడ గురించే చెబుతాను గానీ, సరుకుల ఓడ కాదు, జనం విహారానికి ఎక్కే ఓడ. అందులో మన దగ్గర వసూలు చేసే టిప్పు న్యాయమా కాదా అన్నది నా విషయం. నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. చివరికి ఇది మన బడి గేటు దాకా వస్తుంది.

ఈ ఆలోచన పోయినేడు మొదలైంది. మా బ్యాచి వాళ్ళం పదిహేను మందిమి విజయవాడలో ఒక హోటల్లో భోజనానికి కలిశాం. బిల్లు అడుగున పది శాతం సర్వీసు చార్జి వేశారు. గుడివాడలో రైసుమిల్లు నడిపే మావాడు అది చూసి, "ఇష్టపడి ఇస్తే టిప్పు, బిల్లులో వేస్తే దండుగ. తీసెయ్యమను" అన్నాడు. బందరులో మేష్టరుగా ఉన్న ఇంకొకడు, "పోనీలేరా, ఆ కుర్రాళ్ళకే కదా పోయేది" అన్నాడు. "వాళ్ళకే పోతుందని నీకెవడు చెప్పాడు?" అని వీడు. మేనేజరు వచ్చి మాట్లాడకుండా తీసేశాడు. మిల్లు వాడు వడ్డించిన కుర్రాడి చేతిలో ఐదు వందలు పెట్టాడు. అందరూ బాగుందన్నారు. నేను మాత్రం మాట్లాడలేదు. ఎందుకంటే అచ్చం అదే పని నేనొక ఓడ మీద చేసి వచ్చాను, అది ఇప్పటికీ నాకు కొంచెం గుచ్చుకుంటూనే ఉంది.

ఆ ఓడల పద్ధతి తెలియని వారి కోసం నాలుగు మాటలు. 2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు విహార నౌక మొదలైనప్పటి నుంచి మనవైపు కూడా వీటి సంగతి వినబడుతోంది. అమెరికాలో పిల్లలున్నవాళ్ళు కొందరు ఈపాటికే ఎక్కి ఉంటారు. టిక్కెట్టు ధరలో గది, భోజనం, ఆటపాటలు కలిసే ఉంటాయి. దానికి విడిగా తలకు, రోజుకు ఇంత అని 'గ్రాట్యుటీ' పడుతుంది. మన గ్రాట్యుటీ వేరు. సర్వీసు చేసినవాడికి యజమాని జేబులోంచి వచ్చేది మనది. ఇక్కడ అదే పేరుతో ప్రయాణికుడి జేబులోంచి పోతుంది. పెద్ద అమెరికన్ కంపెనీల్లో ఇది ఈ మధ్య మామూలు గదికి రోజుకు పదహారు నుంచి ఇరవై డాలర్ల దాకా ఉంటోంది. ఒకప్పుడు ఆఖరి రాత్రి ప్రయాణికులే కవర్లలో పెట్టి ఇచ్చేవారట. ఇప్పుడు మనం అడక్కుండానే ఖాతాలో పడిపోతుంది. చాలా కంపెనీల్లో కౌంటరుకు వెళ్ళి తగ్గించమనో తీసెయ్యమనో అడగొచ్చు. అంటే కాగితం మీద అది ఐచ్ఛికమే. కాకపోతే పదిమంది ముందు వరసలో నిలబడి నోరు తెరిచి అడగాలి.

నేను నిలబడ్డాను. రెండేళ్ళ క్రితం హ్యూస్టన్‌లో ఉన్న మా అమ్మాయి వాళ్ళతో కలిసి గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కాం. ఏడు రాత్రులు. నేను, మా ఆవిడ, అమ్మాయి, అల్లుడు, రెండేళ్ళ మనవరాలు. రెండో రోజు ఖాతా చూస్తే మొత్తం గ్రాట్యుటీ ఆరు వందల డాలర్ల పైచిలుకు. మన రూపాయల్లో యాభై వేలు దాటింది. పాలు తాగి పడుకునే పిల్లకు కూడా పెద్దవాళ్ళతో సమానంగా వేశారు. నాకు ఒళ్ళు మండింది. మా అమ్మాయి, "నాన్నా, ఇక్కడ ఇది మామూలే" అంది. మామూలు అన్న మాట వినేసరికి ఇంకా మండింది. జీవితమంతా కాంట్రాక్టు పనుల్లో మామూళ్ళ మధ్య నెట్టుకొచ్చినవాణ్ణి. కౌంటరుకు వెళ్ళి ఐదుగురిదీ తీయించేశాను. ఆ అమ్మాయి నవ్వు చెదరకుండా తీసేసింది.

మా గది సర్దే కుర్రాడిది ఇండోనేషియా. రోజుకు రెండుసార్లు వచ్చేవాడు. మనవరాలి కోసం తువ్వాలుతో ఏనుగుని చేసి మంచం మీద పెట్టి వెళ్ళేవాడు. నాలుగో రోజు అతని చేతిలో అరవై డాలర్లు పెట్టాను. తీసుకుని దణ్ణం పెట్టాడు. అతని మొహంలో నేను అనుకున్నంత సంతోషం కనబడలేదు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

తెలియజెప్పింది మన బందరు కుర్రాడే. ఐదో రోజు భోజనాల హాల్లో మేము తెలుగులో మాట్లాడుకుంటుంటే ప్లేట్లు తీస్తున్న అబ్బాయి ఆగి, "ఏ ఊరండీ మీది?" అన్నాడు. చిలకలపూడి వాడు. వాళ్ళ నాన్న రోల్డుగోల్డు పని చేస్తాడట. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, ముంబయిలో ఏజెంటు ద్వారా ఓడ ఎక్కాడు. తొమ్మిది నెలల కాంట్రాక్టు, వారానికి ఏడు రోజులూ పని. మర్నాడు అతని విరామంలో పది నిమిషాలు మాట్లాడుకున్నాం. నేను గొప్పగా, "ఆ గ్రాట్యుటీ తీయించేసి చేతికే ఇచ్చాను" అన్నాను. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"బాబాయిగారూ, మా కాగితంలో నెలకు ఇంత అని గ్యారంటీ రాసిస్తారండి. అందులో కంపెనీ ఇచ్చేది కొంతే. మిగతాది ఆ పూల్‌లోంచే వస్తది. మీరు తీయించేసిన గదిలోవాళ్ళు ఎవరి చేతికైనా డబ్బులిస్తే, అది కూడా తెచ్చి పూల్‌లో కట్టాలండి. మాకది రూలు. కింద లాండ్రీలో, గిన్నెలు తోమేచోట ఉన్నవాళ్ళని మీరు చూడరు కదండీ. వాళ్ళకి చేతికిచ్చేవాళ్ళెవరు?"

అంత నెమ్మదిగా నన్నెవరూ ఎప్పుడూ తిట్టలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీలో చాలామందికి తెలుసు, మా నాన్న వడ్రంగి. దివిసీమలో నాగాయలంక వైపు పల్లె మాది. ఆ రోజుల్లో వడ్రంగికి నెల జీతం లేదు, రోజు కూలీ లేదు. మేర ఉండేది. ఏడాదంతా రైతు నాగలి, కాడి, బండి చక్రం ఎప్పుడు పాడైనా బాగుచెయ్యాలి. కుప్పనూర్పిళ్ళప్పుడు కళ్ళంలో అరకకు ఇన్ని కుంచాలని ధాన్యం కొలిచి ఇస్తారు. చాకలికి, మంగలికి, కమ్మరికి కూడా అంతే. "మేర అడుక్కునేది కాదురా, కొలిపించుకునేది" అనేవాడు నాన్న. గోతం పట్టుకుని నేనూ వెనకాల వెళ్ళేవాణ్ణి. ఒకాయన రాశి మధ్యలోంచి కొలిచేవాడు. ఇంకొకాయన రాశి అంచున తాలు ఉన్నచోట కుంచం ముంచేవాడు. నాన్న ఏమీ అనేవాడు కాదు. ఇంటికొచ్చాక అమ్మ చెరిగితే పావు వంతు పొట్టు ఎగిరిపోయేది.

1977 నవంబరు 19 సంగతి ఈ సభలో నేను వివరంగా చెప్పక్కర్లేదు. పంట కోతకొచ్చే వేళ ఉప్పెన వచ్చింది. మా ఇల్లు పోయింది, మనుషులం మిగిలాం. పంట లేదు కాబట్టి కళ్ళం లేదు, కళ్ళం లేదు కాబట్టి మేర లేదు. రైతుని అనటానికి లేదు, ఆయనకే తిండి లేదు. ఏడాదంతా చేసిన పని మాత్రం చేసినట్టే ఉంది. ఆ తర్వాత సహాయ సంస్థలు ఇళ్ళు కట్టిస్తుంటే నాన్న తలుపులు, కిటికీలు చెయ్యటానికి వెళ్ళాడు. రోజుకు ఇంత అని ముందే చెప్పి, శనివారం చేతిలో పెట్టేవారు. మొదటి శనివారం నాన్న ఆ నోట్లు మూడుసార్లు లెక్కపెట్టాడు. తక్కువొచ్చాయేమోనని కాదు, చెప్పినంతా ఉన్నాయని. ఆ డబ్బుతోనే నన్ను బందరులో మేనమామ గారింట్లో ఉంచి, తర్వాత ఈ బడిలో చేర్పించాడు.

కాబట్టి మేర గొప్ప పద్ధతి అని నేననను. కులాన్ని బట్టి పని, పని మానేసే స్వేచ్ఛ లేదు, కొలిచేది ఎప్పుడూ ఎదుటివాడే. కానీ దాన్ని ఎవరూ దానం అనలేదు. ఓడ మీద పూల్ కూడా పనికి బదులే. పేరు మాత్రం బహుమానం అని పెట్టారు. ఆ పేరు వల్లే నాబోటివాడు కౌంటరు దగ్గరికి వెళ్ళి తీయించుకోగలుగుతున్నాడు. టిక్కెట్టులో డీజిలు ఖర్చు నచ్చలేదు, తీసెయ్యండి అని ఎవరైనా అడుగుతారా?

మా వృత్తిలో ఎస్టిమేటు వేసేటప్పుడు మెటీరియల్ ఇంత, కూలీ ఇంత, కాంట్రాక్టరు లాభం ఇంత అని రేటు కడతాం. కూలీని తీసుకెళ్ళి కంటింజెన్సీలో చూపిస్తే పై అధికారి ఆ కాగితాలు మొహాన కొడతాడు. ఓడ కంపెనీలు చేస్తున్నది అదే. ప్రకటనలో ధర తక్కువగా కనబడాలి కనుక, మనుషుల జీతంలో కొంత భాగం తీసి కింది వరసలో రాస్తున్నారు. వేరే దారి లేదా అంటే ఉంది. బ్రిటన్‌లో పీ అండ్ ఓ కంపెనీ 2019లో ఈ రోజువారీ చార్జి ఎత్తేసి టిక్కెట్టులోనే కలిపేసింది. ఓడలు మునిగిపోలేదు.

ఇది పరదేశపు రోగమని కూడా అనుకోవద్దు. 1611లో 'గ్లోబ్' అనే ఇంగ్లీషు ఓడ మన బందరు తీరానికి వచ్చింది. ఆ తర్వాత ఇక్కడ స్థిరపడిన కంపెనీ వర్తకంలో దుబాసీలు, మధ్యవర్తులు ప్రతి బేరంలో దస్తూరీ తీసుకునేవారు. అదీ ఎవరూ ఒప్పుకోని జీతమే, ధరలో కనబడని ధరే. బందరుకు టిప్పు కొత్త కాదు.

మా మిల్లు వాడి వాదన పూర్తిగా కొట్టిపారెయ్యలేను. హోటళ్ళ సంగతిలో చట్టం వాడి వైపే ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న, సర్వీసు చార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకు వెళితే ఆ నెలలోనే స్టే వచ్చింది. చివరికి 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. తినేవాడు ఇష్టపడి ఇస్తే ఇవ్వచ్చు, బలవంతం కూడదు అంది. తినేవాడి వైపు నుంచి ఇది సరైన తీర్పే. వడ్డించేవాడి జీతం ఎంత ఉండాలన్నది అక్కడి ప్రశ్న కాదు. మావాడు చార్జి తీయించి కుర్రాడికిచ్చిన ఐదు వందలు వంటింట్లో అంట్లు తోమే ఆవిడ దాకా వెళ్ళలేదని మాత్రం నేను పందెం కాస్తాను.

నా లెక్క ఇది. ధర ముందే చెప్పకుండా తర్వాత వెయ్యటం అన్యాయం. చంటిపిల్లకు టిప్పు వెయ్యటం హాస్యాస్పదం. కానీ ఓడ ఎక్కాక ఆ అన్యాయాన్ని కంపెనీ మీద కాకుండా గది సర్దేవాడి మీద తీర్చుకోవటం ఇంకా పెద్ద అన్యాయం. పోట్లాట టిక్కెట్టు కొనేచోట పెట్టుకోవాలి, తువ్వాలు ఏనుగు దగ్గర కాదు. ఏడో రోజు పొద్దున్నే వెళ్ళి ఐదుగురిదీ మళ్ళీ వేయించాను, మనవరాలిది కూడా. కౌంటరులో అదే అమ్మాయి, అదే నవ్వు. మా ఆవిడ మాత్రం, "మొదటే ఊరుకుంటే ఈ రెండు వరసలూ తప్పేవి" అంది.

2020 మార్చిలో ప్రపంచమంతా విహార ఓడలు ఆగిపోయాయి. వేలాది సిబ్బంది నెలల తరబడి ఓడల్లోనే చిక్కుకుపోయారు. ప్రయాణికుడు లేకపోతే పూల్ లేదు. చిలకలపూడి అబ్బాయి అప్పటికింకా చదువుకుంటున్నాడు గానీ, అతని సీనియర్లు ఇళ్ళకు అప్పులతో వచ్చారట. అది విన్నప్పుడు నాకు 1977 కళ్ళం గుర్తొచ్చింది.

ఇప్పుడు గేటు దగ్గరికి వస్తాను. మన బడి ఊడ్చే ఆయమ్మకు, రాత్రి కాపలా ఉండే వాచ్‌మన్‌కు మనం ఏటా సమావేశం రోజున ఒక చీర, ఒక పంచె, ఒక కవరు ఇస్తున్నాం. వేదిక మీదకు పిలిచి, ఫోటో తీసి ఇస్తున్నాం. మంచి ఉద్దేశంతోనే. కోశాధికారి గారిని అడిగి పాత పద్దు పుస్తకాలు చూశాను. కవరులో ఎంత ఉంటుందనేది ఆ రోజు ఎంతమంది వచ్చారు, ఎవరి మనసు ఎలా ఉంది అన్నదాన్ని బట్టి మారుతోంది. 2020లోనూ 2021లోనూ మనం కలవలేదు. ఆ రెండేళ్ళూ కవరు లేదు. బడి మూసి ఉన్నా వాచ్‌మన్ గేటు దగ్గరే ఉన్నాడు.

నా కోరిక ఒక్కటే. వచ్చే ఏడాది నుంచి ఆ కవరు ఆపేసి, ఇద్దరికీ నెలనెలా ఇంత అని తీర్మానం చేసి, వాళ్ళకు ముందే చెప్పి, బ్యాంకులో వేద్దాం. బడి ఇచ్చేదానికి అది అదనం. సమావేశం జరిగినా జరక్కపోయినా పడాలి. ఫోటో అక్కర్లేదు. బడ్జెట్టులో దాన్ని 'విరాళాలు' కింద కాకుండా 'జీతాలు' కింద రాయమని కోశాధికారి గారికి మనవి. మొదటి ఏడాదికి సరిపడా చెక్కు నా జేబులో ఉంది. మొత్తం ఎంతో మీరు తేలిస్తే అంకె రాసి సంతకం పెడతాను. మిల్లు వాడు రెండో ఏడాది తనదని ఇప్పుడే సైగ చేశాడు. అందరూ చూశారు, ఇక వెనక్కి తీసుకోవటానికి లేదు.