పెళ్లికాని జంటలు – యూరపు వీసా కాగితాలు
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి మాట్లాడతాననుకున్నవారు మన్నించాలి. మన మనవలు, మనవరాళ్లు కొందరు యూరపులో ఉన్నారు. అక్కడివారితో పెళ్లి చేసుకోకుండానే కలిసి ఉంటున్నవారూ ఉన్నారు. అది మంచా, చెడా అన్నది ఈ వేదిక మీద తేలేది కాదు. ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు నడిపినవాణ్ణి గనుక కాగితాల సంగతి మాత్రం చెబుతాను.

మా పెద్దమ్మాయి కూతురు జర్మనీలో ఉద్యోగం చేస్తోంది. ఆమెతో ఉంటున్న అబ్బాయి ఫ్రెంచి పౌరుడు. అతనికి నెదర్లాండ్స్‌లో ఉద్యోగం వచ్చింది. యూరపు సమాఖ్య పౌరుడు గనుక అతనికి వీసాతో పని లేదు. మా పిల్లకు జర్మనీ వారిచ్చిన అనుమతితో అక్కడ చుట్టపుచూపుగా 90 రోజులు ఉండవచ్చు గాని కాపురం పెట్టడానికి వీల్లేదు.

ఇలాంటివారి కోసం సమాఖ్య 2004లో చేసిన 38వ నంబరు ఆదేశం ఉంది. పౌరుడు తన సొంత దేశం వదిలి మరో సభ్య దేశానికి వెళ్లినప్పుడే అది వర్తిస్తుంది. మూడు నెలలు దాటి ఉండాలంటే అతనికి ఉద్యోగమో, చాలినంత డబ్బూ ఆరోగ్య బీమావో ఉండాలి. అతని భార్యకు వెంట ఉండడం హక్కు. రిజిస్టరు చేసుకున్న జంటకూ అంతే, వెళ్లే దేశం దాన్ని పెళ్లితో సమానంగా చూస్తేనే సుమా. ఈ రెండూ లేనివారి సంగతి మూడో అధికరణలో ఉంది. సంబంధం స్థిరమైనదని రుజువు చూపితే, ఆ దేశం వారి రాకను “సులభతరం” చేయాలట. “మంజూరు చేయవలెను” అనడానికీ “సానుభూతితో పరిశీలించవలెను” అనడానికీ ఎంత దూరమో మీకు నేను చెప్పాలా! (సభలో నవ్వులు.) అయితే పూర్తిగా విచారించాలని, కాదంటే కారణం చూపాలని కూడా అందులోనే ఉంది. దరఖాస్తుదారుకు అదే పెద్ద ఆసరా.

కనుక బలమంతా ఫైలులో ఉండాలి. ఇద్దరి పేర్లతో ఉన్న అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఒకే చిరునామాకు వచ్చిన ఉత్తరాలు, బిల్లులు తేదీల వరసలో పెట్టమన్నాను. ఫొటోలు ఎన్ని పెట్టినా ఒక్క అద్దె కాగితానికి సాటిరావు.

మావాళ్లను అడిగినవాటిలో మా పిల్ల అవివాహిత అన్న పత్రం కూడా ఉంది. దానికి తండ్రి అఫిడవిట్ కావలసివచ్చింది. మా అల్లుడు ససేమిరా అన్నారు. “సంతకం పెడితే నేను ఒప్పుకున్నట్టే గదా, మావయ్యగారూ” అన్నారు. “అల్లుడుగారూ, ఇందులో మీ అమ్మాయికి పెళ్లి కాలేదనే ఉంది. అది నిజమే గదా? మీ అంగీకారం ఏ వాక్యంలో ఉందో చూపించండి” అన్నాను. కాగితం మూడు వారాలు బల్లమీదే పడి ఉంది. ఆ మూడు వారాలూ మా అమ్మాయి సరిగా అన్నం తినలేదు. చివరికి ఆయన ఒకరోజు పొద్దున్నే, ఎవరితో ఏమీ అనకుండా సంతకం పెట్టారు. నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ వారి అపోస్టిల్ ముద్ర, అన్నీ అయ్యాక పంపించాం.

ఇతర దేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్ 2020లో సమాఖ్య నుంచి బయటికి వచ్చింది కనుక అక్కడ ఈ ఆదేశం చెల్లదు. వాళ్ల సొంత నిబంధన ప్రకారం రెండేళ్ల సంబంధం చూపాలి. కెనడా ఏడాదిపాటు కలిసి ఉన్నవారిని జంటగా గుర్తిస్తుంది. అమెరికాలో మనకు బాగా తెలిసిన హెచ్-4 పెళ్లయిన భార్యకో భర్తకో, పిల్లలకో తప్ప ఇవ్వరు.

ఇంకొక్క మాట. పెళ్లయినవారు విడాకులు తీసుకుంటే, కొన్ని షరతుల మీద ఆ దేశంలో ఉండే హక్కు నిలుస్తుంది. ఉత్త సహజీవనానికి ఆదేశంలో ఆ రక్షణ రాయలేదు. అందుకే “నీ పేరుమీద వేరే ఉద్యోగ అనుమతి కూడా ప్రయత్నించమ్మా” అన్నాను. “అలాగే తాతయ్యా” అంది. ఇప్పుడు ఆ పనిమీదే ఉంది.

మీ ఇళ్లలో ఇలాంటి కాగితాలుంటే భోజనాల తర్వాత తీసుకురండి. కళ్లద్దాలు తెచ్చుకున్నాను. సెలవు.