వ్యాసంలో చరిత్ర ఉదాహరణ
(ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగం)

 

ఈ ఏడు వ్యాసపోటీలో "అన్యాయమైన చట్టాన్ని ధిక్కరించవచ్చా?" అని అడిగాము. ఎక్కువమంది "గాంధీగారు ఉప్పు చేశారు, కనుక ధిక్కరించవచ్చు" అని తేల్చేశారు. నేను బ్యాంకు గుమాస్తాను. ఓచరు లేని ఎంట్రీని ఒప్పుకోలేను. గాంధీగారు 1930 మార్చి 2న వైస్రాయికి ముందుగా ఉత్తరం రాశారు. ఏప్రిల్ 6న దండిలో అందరి ఎదుటా ఉప్పు తీశారు, జైలుకు సిద్ధపడ్డారు. ఇవన్నీ రాస్తేనే ఆయన పేరు మీ వాదానికి పనికొస్తుంది.

మన పక్క పాపారపట్టిలో 1925లో కన్నుమూసిన సుబ్రహ్మణ్య శివ పేరు కూడా కొందరు రాశారు. సంతోషమే. అయితే 1908లో ఆయనకు శిక్ష పడింది రాజద్రోహ ప్రసంగాలకు. మహా త్యాగి, కాని ఈ ప్రశ్నకు సరిపోయే ఉదాహరణ కాదు.

సరిపోయేది చీరాల-పేరాల. తమిళ బడిలో చదివే మన పిల్లలకు ఆ పేరే తెలియదు. ఆ రెండు ఊళ్లను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది, పన్నులు బాగా పెరిగాయి. బీదజనం కట్టలేమన్నారు, కొందరు జైలుకు వెళ్లారు. 1921 ఏప్రిల్‌లో వచ్చిన గాంధీగారు, ఊరు విడిచిపోవడం ఒక దారి అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట సుమారు 15 వేల జనంలో 13 వేల మందికి పైగా హద్దు దాటి, పాకలు వేసుకుని 11 నెలలు గడిపారు. ఎండా వానా అన్నీ అక్కడే. ఆ పాకల ఊరికి రామనగరం అని, వలంటీర్లకు రామదండు అని పేరు. చట్టం చదవని ముసలమ్మకు కూడా రాముడు ఊరు విడిచిన కథ తెలుసు కదా! ఉదాహరణ అంటే అలా వినేవాడికి తెలిసినదై ఉండాలి.

చివరకు నాయకుడు జైలుపాలయ్యారు, జనం తిరిగి వచ్చారు, మునిసిపాలిటీ నిలిచింది. ఆ సంగతి దాచకండి. మీరు దాచినది ఎదుటివాడు చెబితే మీ వ్యాసం అక్కడే పడిపోతుంది. నష్టం తెలిసి కూడా అంతమంది ఎందుకు కదిలారో రాయండి. మీ బలం అక్కడ ఉంది.

చెక్కులు ఇవ్వవలసిన సమయమైంది. సెలవు.