తుప్పు మీద రంగు



మిర్చి, పత్తి పనులు ముగిసి చేతిలో కాస్త డబ్బు ఆడే వేసవిలో మన ఒంగోలు ప్రాంతంలో పాత ట్రాక్టర్లు రంగుల షెడ్డుకు చేరతాయి. రంగు వేయడానికి రెండు పద్ధతులున్నాయి. పైపైన కడిగి, పాత రంగు మీదే కొత్త రంగు కొట్టడం ఒకటి. అమ్మదలచినవాళ్లు తరచుగా దీన్నే అడుగుతారు. మడ్గార్డుకు పడిన చిల్లిలో పుట్టీ కూరి, పైన ఎర్రరంగు కొడితే కొనేవాడికి ఏం తెలుస్తుంది? ఒక వర్షాకాలం గడిస్తే రంగు పొక్కులు లేచి పెచ్చులూడుతుంది. సున్నము కొట్టిన సమాధులని ప్రభువు పరిసయ్యులతో అన్న మాట ఇదే.

రెండవది కష్టమైనది. బానెట్టు, మడ్గార్డులు విప్పాలి. గ్రీజు జిడ్డు పోయేలా కడగాలి. వైరు బ్రష్షుతో, గరుకు కాగితంతో ఇనుము కనబడేదాకా గీకాలి. గీకుతుంటే ఒకదాని కింద ఒకటి పాత రంగులు బయటపడతాయి. మన సంఘాల్లో గీకితే ఏం బయటపడుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కట్నం బేరాలు ఒక పొర. కులం మాట ఇంకా లోతున ఉన్న పొర.

1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని ఒప్పుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. బాప్తిస్మం ఇమ్మని ఎందరో అడిగారు. కూడు కోసం ఎవరూ క్రీస్తు పేరు పెట్టుకోకూడదని, కరువు సహాయం సాగినంత కాలం ఆయన ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న, ఒక్క దినమున 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. దాని ముందు నడిచిన ఆ నిరీక్షణ గురించి తక్కువ చెప్పుకుంటాం.

అయితే సహోదరులారా, గీకడంతో పని అయిపోదు. గీకిన ఇనుముకు రెడ్ ఆక్సైడు ప్రైమరు వేయకుండా వదిలేస్తే ఏమవుతుంది? మనకు సముద్రం దగ్గర. ఆ ఉప్పుగాలికి, మంచుకు ఇనుము మళ్లీ తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. పాత రంగు ఉన్నప్పుడు కొంతైనా కాపు ఉండేది, ఇప్పుడు అదీ లేదు. అందుకే మంచి మేస్త్రి గీకిన రోజే ప్రైమరు వేస్తాడు.

మత్తయి సువార్త 12వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఇల్లు ఇలాంటిదే. అపవిత్రాత్మ వెళ్లిపోయింది. ఇల్లు ఊడ్చి ఉంది, అమర్చి ఉంది, కాని ఖాళీగా ఉంది. వెళ్లినది తిరిగి వచ్చి, తనకంటె చెడ్డవైన మరి ఏడింటిని తెచ్చుకుంది. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయంలో పౌలు కూడా పాత స్వభావాన్ని విడిచిపెట్టడం, క్రొత్తదాన్ని ధరించుకోవడం వెంటవెంటనే చెబుతాడు. మధ్యలో ఒక రాత్రికి కూడా చోటివ్వలేదు.

ఒక సహోదరుడు తాగుడు మానాడనుకోండి. ఆదివారం సాక్ష్యం చెప్పాడు. మనం స్తోత్రం అన్నాం, చప్పట్లు కొట్టాం, ఇంటికి పంపేశాం. సోమవారం సాయంత్రం ఆరు గంటలకు అతను ఎక్కడికి వెళ్లాలి? ఇరవై ఏళ్లుగా ఆ వేళకు అతని కాళ్లకు తెలిసిన దారి ఒక్కటే. స్నేహితులందరూ అక్కడే ఉన్నారు. ఇంట్లో భార్య ఇంకా నమ్మలేక చూస్తోంది. నెల తర్వాత అతను పడిపోతే, ‘అతనిది నిజమైన మారుమనస్సు కాదు’ అని మనమే తీర్పు చెబుతాం. ఆ మాట నాకు నచ్చదు. ఇనుమును ఆరుబయట వదిలినవారు ఇనుమును నిందించకూడదు.

సంఘ పెద్దలారా, మీ ఊళ్లో ఈ నెల అలా మానినవారు ఎవరైనా ఉన్నారా? రేపు సాయంత్రం ఆరుకు ముందే వారి ఇంటికి వెళ్లండి. బైబిలు తీసుకెళ్లండి. భోజనం వేళదాకా కూర్చోండి. ఎల్లుండి మరొకరు వెళ్లండి.