ఓటు లేకపోయినా మాట్లాడొచ్చు

"మాకు ఓటే లేదు, మా మాట ఎవరు వింటారండీ?" అని హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు మమ్మల్ని అడుగుతుంటారు. ఓటు వేరు, బిల్లు మీద మాట్లాడటం వేరు. కమిటీ హియరింగ్‌లో చెప్పుకోవడానికి పౌరసత్వం అక్కర్లేదు.

మన టెక్సాస్ శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరం జనవరిలో మొదలై 140 రోజులే నడుస్తుంది. వేల బిల్లులు వస్తాయి. చాలావాటిని ఎవరూ ఓడించరు, కమిటీలో పడి ఉండి గడువు దాటిపోతాయంతే. కాబట్టి సభలో ఓటింగు రోజున హడావుడి పడితే చాలాసార్లు ఆలస్యమైపోతుంది. బిల్లు కమిటీలో ఉన్నప్పుడే మన ప్రతినిధి ఆఫీసుకి ఫోన్ చేయాలి. బిల్లు నంబరు, మన జిప్ కోడ్, ఒక్క కారణం చెప్తే చాలు. అందరూ ఒకే ఈమెయిల్ కాపీ కొట్టి పంపడం మాత్రం మాకు నచ్చదు.

హియరింగ్‌లో సాధారణంగా రెండు మూడు నిమిషాలే ఇస్తారు. మైకు భయమైతే అనుకూలమో వ్యతిరేకమో నమోదు చేసుకుని ఊరుకోవచ్చు.

గుడి 501(సి)(3) సంస్థ. బిల్లుల గురించి పరిమితంగా మాట్లాడొచ్చు గానీ ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు. ఎన్నికల కరపత్రాలు ప్రసాదాల దగ్గర పెట్టొద్దని మనవి.

వచ్చే సమావేశాలు 2027 జనవరిలో. బిల్లుల దాఖలు మాత్రం 2026 నవంబరులో, సరిగ్గా దీపావళి హడావుడిలోనే మొదలవుతుంది.