పాత జపాన్ కారు కొన్నారా? టర్బో తర్వాత, ముందు రేడియేటర్ చూడండి

ఈరోజు ఎపిసోడ్ మా ఇంటి గ్యారేజీలోంచే చేస్తున్నాను. వెనకాల బానెట్ తెరిచి ఉన్నది మీకు తెలిసిన కారే, నా ఎర్ర మజ్డా మియాటా, 1992 మోడల్. చాలా రోజుల నుంచి మెసేజీలు వస్తున్నాయి. "అన్నా, టర్బో ఎప్పుడు పెడుతున్నావ్? ఎంత హార్స్‌పవర్ వస్తుంది?" అని. దానికి జవాబు చెప్తాను, కానీ అంతకంటే ముందు ఒక విషయం చెప్పాలి. ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఎందుకంటే తప్పు నాది.

ముందు ఈ కారు గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మియాటాని మజ్డా 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో చూపించింది. జపాన్‌లో దీని పేరు యూనోస్ రోడ్‌స్టర్. రెండే సీట్లు, వెనక చక్రాలకి పవర్, పైకి లేచే హెడ్‌లైట్లు. 1.6 లీటర్ ఇంజన్, 116 హార్స్‌పవర్. ఇంతేనా అనకండి, బరువు టన్ను కంటే తక్కువ. అందుకే మలుపుల్లో మజా. అన్ని తరాలూ కలిపి 2016 నాటికే పది లక్షల కార్లు తయారయ్యాయి. అందుకే పార్ట్స్ దొరుకుతాయి, మాన్యువల్ దొరుకుతుంది, ఇంట్లో పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు.

జపాన్‌లో అదే సమయంలో పెద్ద బండ్లు కూడా వచ్చాయి. నిస్సాన్ స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్ కూడా 1989లోనే. అప్పట్లో అక్కడి కంపెనీలన్నీ మాట్లాడుకుని, కాగితం మీద 280 పీఎస్ దాటకూడదు అనుకున్నాయి. అమెరికాలో అమ్మని కారుని ఇక్కడికి తెచ్చుకోవాలంటే దానికి 25 ఏళ్ళు నిండాలి. అందుకే ఆ ఆర్32లు 2014 నుంచి ఇక్కడి రోడ్ల మీద కనపడటం మొదలయ్యాయి. ఇప్పుడు వాటి రేట్లు మనకి అందవు. నాలాంటి ఉద్యోగస్తుడికి మియాటానే స్కైలైన్.

సరే, అసలు కథ.

నేను ఈ కారు కొన్నప్పుడు నాన్నకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు. గుంటూరులో ఉంటారు. నేను గర్వంగా హెడ్‌లైట్లు లేపి చూపించాను, స్టీరింగ్ చూపించాను. ఆయన అవేమీ చూడలేదు. "బానెట్ ఎత్తరా" అన్నారు. ఎత్తాను. "ఆ రేడియేటర్ పైన ప్లాస్టిక్ ఏ రంగులో ఉంది?" అన్నారు. ముదురు గోధుమ రంగు, కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు ఉంది. "కొత్తప్పుడు అది నల్లగా ఉంటుంది. ఉడికి ఉడికి అలా అయింది. ఎప్పుడైనా పగులుద్ది. ముందు అది మార్చు" అన్నారు.

నేను "సరే నాన్నా" అన్నాను. మార్చలేదు. ఆ నెల జీతంలో 1400 డాలర్లు పెట్టి సస్పెన్షన్ కొన్నాను. తర్వాతి నెల కొత్త వీల్స్, ఎగ్జాస్ట్. రేడియేటర్ ధర 200 డాలర్లు కూడా లేదు. కానీ రేడియేటర్ మారిస్తే ఫొటోలో కనపడదు కదా! అదీ నా బుద్ధి.

జూలై నెల. మేం ఉండేది డాలస్ దగ్గర. ఎండాకాలం ఇక్కడ మన రెంటచింతలకి తీసిపోదు. మా పాప, అప్పటికి పన్నెండేళ్ళు, "నాన్నా, టాప్ దించి లాంగ్ డ్రైవ్" అంది. ఇద్దరం వేకో దాకా వెళ్ళాం. తిరిగొస్తుంటే ఐ-35 మీద ఏదో తియ్యటి వాసన. పాప "ఏదో సిరప్ వాసన వస్తోంది" అంది. ఫ్రెండ్స్, కారులో తియ్యటి వాసన వస్తే అది కూలెంట్. నాకు ఆ మాట తెలుసు. అయినా మీటర్ చూశాను, ముల్లు దాదాపు మధ్యలోనే ఉంది. పర్లేదులే అనుకున్నాను.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ మీటర్‌కి సమాచారం ఇచ్చే సెన్సర్ నీళ్ళలో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుంది. నీళ్ళన్నీ కారిపోయాక దానికి తగిలేది ఆవిరీ గాలే. ఇంజన్ కాలిపోతున్నా ముల్లు బుద్ధిగా కూర్చోవచ్చు. కాసేపటికి బానెట్ కింద నుంచి తెల్లగా ఆవిరి. అప్పుడైనా వెంటనే ఇంజన్ ఆపాలా? ఆపలేదు. పక్కన లారీలు 120 స్పీడ్‌లో పోతున్నాయి, పాప పక్కన ఉంది, భయమేసింది. తర్వాతి ఎగ్జిట్ రెండు మైళ్ళే కదా అని అలాగే లాగించాను. ఎగ్జిట్ దగ్గర ఇంజన్ తనంతట తనే ఆగిపోయింది.

పాపని రెయిలింగ్ అవతలికి దింపి, టో ట్రక్ కోసం గంటన్నర ఎండలో నిలబడ్డాం. ఆ గంటన్నర నేను పాప ముఖం చూడలేకపోయాను. బ్రేకో స్టీరింగో అలా పోయి ఉంటే? రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. తిడతారనుకున్నాను. "పాప బాగుందా?" అన్నారు. బాగుంది అన్నాను. "అయితే హెడ్ దించు. ఫోన్ ఎదురుగా పెట్టు, నేను చూస్తా" అన్నారు. అంతే.

ఎందుకు హెడ్ దించాలి? ఈ ఇంజన్‌లో కింద బ్లాక్ ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. హద్దు దాటి వేడెక్కితే హెడ్ వంగుతుంది. మధ్యలో ఉన్న హెడ్ గ్యాస్కెట్, మన మెకానిక్‌లు ప్యాకింగ్ అంటారే, అది పోతుంది. నీళ్ళు సిలిండర్‌లోకి, ఆయిల్‌లోకి దారి చూసుకుంటాయి. ఆయిల్ క్యాప్ తీస్తే లోపల పాలమీగడలాగా ఉంటే అర్థం అదే. ఇంకొక్క మైలు కూడా నడపకూడదు.

నాలుగు వీకెండ్లు పట్టింది. గుంటూరులో తెల్లవారుజాము, ఇక్కడ సాయంత్రం. నాన్న కాఫీ గ్లాసుతో ఫోన్‌లో. నేను గ్యారేజీలో. ఆయన నేర్పిన నాలుగు అలవాట్లు మీకూ చెప్తాను.

ఒకటి. విప్పిన ప్రతి బోల్టూ ఒక కవర్‌లో వేసి, ఎక్కడిదో రాసి పెట్టాలి. హెడ్ బోల్టులైతే అట్టముక్క మీద ఇంజన్ బొమ్మ గీసి, అదే వరసలో గుచ్చాలి.

రెండు. తుప్పు పట్టిన బోల్టు మీద బలం చూపించకూడదు. తుప్పు వదిలే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలెయ్యాలి. అది విరిగితే పది నిమిషాల పని మూడు రోజులవుతుంది. నాకు ఎగ్జాస్ట్ దగ్గర ఒకటి విరిగింది. నాన్న నవ్వారు.

మూడు. బిగించేటప్పుడు చెయ్యి చెప్పిన మాట వినకూడదు, మాన్యువల్ చెప్పిన మాట వినాలి. హెడ్ బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా, టార్క్ రెంచ్‌తో.

నాలుగు. టైమింగ్ బెల్ట్ వేశాక స్టార్టర్ కొట్టొద్దు. స్పానర్‌తో చేత్తో క్రాంక్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూడాలి. నా అదృష్టం, ఈ ఇంజన్‌లో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్‌కి తగలవు. చాలా ఇంజన్లలో తగులుతాయి, ఆ దెబ్బతో ఇంజన్ పోతుంది. మజ్డా 60,000 మైళ్ళకి బెల్ట్ మార్చమంటుంది. అప్పుడే వాటర్ పంప్ కూడా మార్చేయండి. తర్వాత మార్చాలంటే మళ్ళీ అదంతా విప్పాలి.

హెడ్‌ని మాత్రం ఇంట్లో చెయ్యలేం. మెషీన్ షాప్‌కి ఇచ్చి ఫేసింగ్ చేయించాను. కొత్త అల్యూమినియం రేడియేటర్, కొత్త పైపులు, థర్మోస్టాట్. అన్నీ కలిపి 1100 డాలర్లు దాటింది. 200 దగ్గర తేలాల్సిన పని.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. పాత కారు కొన్నాక ఏ వరసలో పని చెయ్యాలి?

మొదట మీ ప్రాణం. జాకీ ఎత్తడానికే, దాన్ని నమ్మి కారు కిందకి దూరకండి. గట్టి నేల మీద, మాన్యువల్ చూపించిన చోట జాక్ స్టాండ్‌లు పెట్టండి, నేల మీద ఉన్న చక్రాలకి అడ్డు పెట్టండి, కారుని చేత్తో ఊపి చూడండి. ఊడదీసిన చక్రాన్ని కూడా కారు కింద పడుకోబెట్టండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తియ్యొద్దు, లోపల ప్రెషర్‌లో ఉన్న నీళ్ళు ముఖాన కొడతాయి. పారబోసిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు తాగి చచ్చిపోతాయి. డబ్బాలో పట్టి మూత పెట్టండి.

రెండోది ఆగడం. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ కనీస లెక్క 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్ దిగుతుంటే అది మరిగి బుడగలొస్తే, పెడల్ నేలకి దిగిపోతుంది, బండి ఆగదు. రెండేళ్ళకోసారి మార్చండి. 30 ఏళ్ళ రబ్బరు బ్రేక్ పైపులు ఉంటే అవి కూడా. టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. అరగలేదు కదా అని పదేళ్ళ టైరు మీద వేగంగా పోవద్దు.

మూడోది చల్లదనం. అంటే రేడియేటర్, పైపులు, బెల్టులు. ఆ కథ విన్నారు.

నాలుగోది ఆరోగ్య పరీక్ష. కంప్రెషన్ గేజ్ కొనండి, నాలుగు సిలిండర్లూ చూడండి. నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటే సంతోషం. ఒకటి బాగా తక్కువ వస్తే ఆ ఇంజన్‌కి మందు కావాలి, టర్బో కాదు.

ఇవన్నీ అయ్యాకే మోడిఫికేషన్. అందులో కూడా ముందు సస్పెన్షన్ బుష్షులు, ఆఖర్న పవర్. ఎందుకంటే టర్బో అంటే సిలిండర్‌లోకి ఎక్కువ గాలి తొయ్యడం. గాలి పెరిగితే దానికి తగ్గట్టు పెట్రోల్ పెరగాలి, స్పార్క్ కొంచెం ఆలస్యంగా పడాలి. ఈ ఇంజన్ కంప్రెషన్ 9.4, టర్బో లేకుండా నడవడానికి కట్టింది. కంప్యూటర్‌ని ట్యూన్ చెయ్యకుండా టర్బో ఒక్కటే బిగిస్తే, మిశ్రమం స్పార్క్ కోసం ఆగకుండా ఎక్కడికక్కడ పేలుతుంది. లోపల సుత్తితో కొట్టినట్టే. పిస్టన్ పగులుతుంది. కిట్ ధర మాత్రమే లెక్కేసుకునేవాళ్ళు ఇంజన్ ధర కూడా రాసుకోండి.

ఇండియాలో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళకి ఒక మాట. జపాన్ నుంచి పాత సుప్రా తెప్పిద్దాం అనుకుంటే కుదరదు. మన రూల్స్ ప్రకారం సెకండ్ హ్యాండ్ కారు దిగుమతికి తయారై మూడేళ్ళు దాటకూడదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన లెక్కలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడేది మీరే. కానీ మీ ఇంట్లో 2001 హోండా సిటీ వీటెక్ ఉందనుకోండి, లేదా పాత లాన్సర్. దాన్ని కొత్తగా వచ్చినప్పుడు ఎలా ఉందో అలా నిలబెట్టడాన్ని ఏ చట్టమూ ఆపదు. నేను చెప్పిన వరసలో మొదటి నాలుగూ మీకు అచ్చంగా పనికొస్తాయి. అసలు ఆనందం అందులోనే ఉంది.

ఇంకొకటి. జపాన్‌లో షాకెన్ అని ప్రభుత్వ పరీక్ష ఉంటుంది. కొత్త కారుకి మొదట మూడేళ్ళకి, తర్వాత రెండేళ్ళకోసారి. బాగా ఖర్చు కూడా. మా టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి ఏటా చేసే సేఫ్టీ పరీక్ష తీసేశారు. అంటే నా బ్రేకులు ఎలా ఉన్నాయో అడిగేవాడు లేడు. అడగాల్సింది నేనే. అందుకే ఈ గోడ మీద ఒక కాగితం అంటించాను, కెమెరా కొంచెం తిప్పుతాను చూడండి. బ్రేక్ ఆయిల్ తేదీ, కూలెంట్ తేదీ, టైర్ల తేదీ, బెల్ట్ మైళ్ళు. రాసింది మా పాప. ఇప్పుడు ఆవిడకి టార్క్ రెంచ్ వాడటం వచ్చు. బయల్దేరే ముందు బానెట్ ఎత్తేది కూడా ఆవిడే.

టర్బో ఎప్పుడు అంటారా? డబ్బు పోగేస్తున్నాను. నాన్న వచ్చే వేసవికి ఇక్కడికి వస్తున్నారు. ఆయన స్టూల్ వేసుకుని కూర్చున్నాకే మొదలుపెడతాను. అప్పటిదాకా ఈ కారుకి 116 హార్స్‌పవర్ చాలు.

ఈ వారం మీకు ఒక్క పని ఇస్తున్నాను. బైక్ అయినా, ఇంట్లో నాన్నగారి కారు అయినా సరే, చల్లారాక ఒకసారి తెరిచి చూడండి. పైపులు నొక్కి చూడండి, ఆయిల్ చూడండి, టైరు మీద తేదీ చదవండి. ఏం కనపడిందో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో బ్రేక్ ఆయిల్ మార్చడం మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. ఉంటాను మరి, జాగ్రత్త.