స్వేచ్ఛకు విశ్వాసము శత్రువా?

స్నాతకులారా!

తన మతమే సత్యమని గాఢముగా నమ్మినవాడు, దానిని నమ్మని పొరుగువాని స్వేచ్ఛను మనస్ఫూర్తిగా గౌరవింపగలడా? నేడు పట్టములు గైకొని లోకములోనికి అడుగిడుచున్న మీకు ఈ ప్రశ్న తప్పక ఎదురగును. దీనితోడనే జీవితమంతయు గడపిన ఫ్రెంచి కాథలిక్ దార్శనికుడు జాక్ మారిటేన్‌ను మీకు పరిచయము చేయుట ఉపదేశములకంటె మేలని తలచితిని.

1882లో పారిస్ నగరమున జన్మించి, ప్రొటెస్టంటు వాతావరణమున పెరిగిన మారిటేన్, సోర్బాన్‌లో చదువుచుండగా, రష్యానుండి వలసవచ్చిన యూదు కుటుంబమునకు చెందిన రయిస్సా ఆయనకు సహాధ్యాయిని అయ్యెను. కొలువదగినదియు తూచదగినదియు మాత్రమే జ్ఞానమనెడి ఆనాటి బోధ ఆ యువతీయువకులను ఎంతటి నైరాశ్యమున ముంచెననగా, ఒకనాడు నగరములోని వృక్షోద్యానమున నడుచుచు, జీవితమునకు అర్థము కానరానిచో ప్రాణములే విడుతుమని వారు ఒడబడిక చేసికొనిరి. కవియు మిత్రుడునగు షార్ల్ పెగీ వారిని కొలేజ్ ద ఫ్రాన్స్‌కు తోడ్కొనిపోయి దార్శనికుడు బెర్గ్‌సన్ ఉపన్యాసములు వినిపింపగా ఆ చీకటి విడిపోయెను. 1904లో వారు దంపతులైరి. 1906లో కాథలిక్ సంఘమున జ్ఞానస్నానము పొందిరి. యువకుల మౌలిక ప్రశ్నలను విద్య త్రోసిపుచ్చినచో వాటిల్లు అనర్థమును, ఆచార్యమహాశయులారా, మనమును తలపోయవలసియున్నది.

ఇచ్చవచ్చినదానిని ఎంచుకొనుశక్తి స్వేచ్ఛకు ఆరంభము మాత్రమేయనియు, మానవుడు తన్ను తాను పాలించుకొనగలవాడై ఎదుగుటయే దాని పరిపాకమనియు మారిటేన్ భావించెను. కనుక ఆ ఎదుగుదలకు వలయు పరిస్థితులను రాజ్యము కల్పింపవలెనే కాని ఆత్మను శాసింపరాదు. 1936లో వెలువడిన ‘సమగ్ర మానవతావాదము’న ఆయన, మధ్యయుగపు క్రైస్తవ రాజ్యవ్యవస్థను మరల నిలుపజూచుట తగదనియు, రానున్న సమాజమున భిన్నవిశ్వాసులు సమానపౌరులుగా మెలగవలెననియు వాదించెను. విశ్వాసము సంస్కృతులకు ప్రాణము పోయునే కాని ఏ యొక్క సంస్కృతికిని బందీ కాదని ఆయన నిశ్చయము. స్పెయినులో అంతర్యుద్ధము చెలరేగినపుడు దానిని పవిత్రయుద్ధమని పిలుచుటకు నిరాకరించి స్వమతస్థులచేతనే నిందలు పడెను, అయినను వెనుదీయలేదు.

ఆయన ఆలోచనకు గొప్ప పరీక్ష 1947లో, మెక్సికో నగరమున జరిగిన యునెస్కో మహాసభలో వచ్చెను. అప్పటికి రెండవ ప్రపంచయుద్ధము ముగిసి రెండేండ్లు దాటినది. ఫ్రెంచి ప్రతినిధివర్గమునకు నాయకుడైన మారిటేన్, మానవునిగూర్చి, దైవమునుగూర్చి పరస్పరవిరుద్ధములైన భావనలు గలవారు సిద్ధాంతమున ఏకీభవింపజాలకున్నను ఆచరణమున ఏకీభవింపగలరని వివరించెను. మానవహక్కులనుగూర్చి యునెస్కో ప్రపంచమేధావుల అభిప్రాయములు కోరగా, మన గాంధీమహాత్ముడు, హక్కులు సక్రమముగా నిర్వహించిన కర్తవ్యమునుండియే ప్రభవించునని నిరక్షరాస్యురాలైనను వివేకవతియైన తన తల్లివలన నేర్చితినని వ్రాసి పంపెను. ఆ లేఖయు తదితరుల వ్యాసములును చేరిన 1949 నాటి సంపుటమునకు పీఠిక వ్రాసినవాడు మారిటేనే. అంతకుముందే, 1948 డిసెంబరు 10న, ఐక్యరాజ్యసమితి విశ్వమానవహక్కుల ప్రకటనను ఆమోదించియుండెను.

ఈ ఆచరణైక్యమును కొందరు పొరపాటుగా గ్రహించి, విశ్వాసములన్నియు ప్రక్కన బెట్టినచో శాంతి సిద్ధించునని తలతురు. మారిటేన్ చెప్పినది అది కాదు. ప్రతివాడును తన విశ్వాసమునందు నిలిచియే, అందుండియే, ఇతరుని హక్కును సమర్థింపవలెను. ఏ నమ్మికయు లేని ఒప్పందము తొలి కష్టమునకే సడలిపోవునని నా దృఢాభిప్రాయము. ఇట్టి భావములకు కాథలిక్ సంఘమునందే గొప్ప గుర్తింపు లభించెను. రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న మతస్వేచ్ఛా ప్రకటనను వెలువరించెను. మరునాడు సభాసమాప్తివేళ ఆరవ పౌలు పోపు మేధావులకు ఉద్దేశించిన సందేశమును వృద్ధుడైన మారిటేన్ చేతికి అందజేసెను. భార్యావియోగానంతరము తులూజ్‌లో ఒక సన్న్యాసిసోదర సంఘముతో నిరాడంబరముగా జీవించి, 1973లో ఆయన అచటనే కన్నుమూసెను.

స్నాతకులారా! మన రాజ్యాంగపు 25వ అధికరణము అంతఃకరణస్వేచ్ఛను అందరికిని సమముగా ప్రసాదించినది. దానిని కాపాడుట న్యాయస్థానములకే విడిచిపెట్టవలదు. మీ విశ్వాసమును దాచుకొనకుడు, పొరుగువానిని దాచుకొమ్మనకుడు. అతని ఆరాధనాస్థలమునకు కీడు వాటిల్లునెడల మొట్టమొదట కదలవలసినవారు మీరే. వెళ్లి రండు, మీకు శుభమగుగాక!